ఒంట్లో అమర్చే కృత్రిమ క్లోమం: మీ ప్రశ్నలు, మా జవాబులు

టైప్‌-1 షుగర్‌ ఉన్నవాళ్లలో ఇన్సులిన్‌ తయారుచేసే బీటా కణాలను సొంత రోగనిరోధక వ్యవస్థే చంపేస్తుంది. ఆ కణాల పనిని ఒక పరికరానికి పూర్తిగా అప్పగించగలమా, దాన్ని ఒంట్లోనే పెట్టేయవచ్చా అని చాలామంది రాశారు. ఒకే తీరు ప్రశ్నలను కలిపి ఇస్తున్నాం.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు, టైప్‌-1. చేతికి సెన్సర్‌, పొట్టకి పంపు ఉన్నాయి. సెన్సర్‌ చెప్పినదాన్ని బట్టి పంపే ఇన్సులిన్‌ ఇస్తుంది. దీన్నే కృత్రిమ క్లోమం అంటున్నారు కదా, మరి భోజనానికి ముందు పిండిపదార్థం ఎన్ని గ్రాములో మేమెందుకు చెప్పాలి? ఒంట్లో అమర్చేది వస్తే ఈ లెక్కలు పోతాయా?

మీ పాప వాడుతున్నదాన్ని హైబ్రిడ్‌ క్లోజ్డ్‌ లూప్‌ అంటారు. ఈ తరహా పరికరానికి అమెరికాలో మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మొదటిసారి 2016లో అనుమతి ఇచ్చింది. రాత్రి నిద్రలో, భోజనానికీ భోజనానికీ మధ్య ఇది చాలా బాగా పనిచేస్తుంది. భోజనం దగ్గరే తడబడుతుంది. లోపం దాని లెక్కలో లేదు, ఇన్సులిన్‌ పడే చోట ఉంది.

పాప 8 గంటలకు తినడం మొదలుపెట్టిందనుకోండి, మీరేమీ చెప్పలేదనుకోండి. 8:10, 8:15కల్లా రక్తంలో గ్లూకోజ్‌ ఎక్కడం మొదలవుతుంది. సెన్సర్‌ ఉన్నది రక్తంలో కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో. ఆ పెరుగుదల అక్కడ కనబడడానికి ఇంకో 5 నుంచి 10 నిమిషాలు. పంపు అయిదు నిమిషాలకోసారి లెక్క వేస్తుంది. ఒక్క అంకె పెరిగిందని పెద్ద డోసు వేయదు, వరసగా రెండు మూడు పెరగాలి. అప్పటికి 8:30. ఇక చర్మం కింద వేసిన ఇన్సులిన్‌ ఎంత త్వరగా పనిచేసే రకమైనా పూర్తి బలం అందుకోవడానికి 60 నుంచి 90 నిమిషాలు పడుతుంది. అంటే 9:30 దాటుతుంది. ఈలోపు షుగర్‌ ఎక్కాల్సినంత ఎక్కేసింది. అది దిగడం మొదలయ్యాక కూడా ఇన్సులిన్‌ ఇంకో రెండు మూడు గంటలు పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి పదకొండింటికి పాప చెమటలు పట్టి వణికే ప్రమాదం ఉంది. ఒకసారి వేసిన డోసును పంపు వెనక్కి తీసుకోలేదు. అందుకే మిమ్మల్ని ముందే చెప్పమంటుంది.

ఆరోగ్యంగా ఉన్న క్లోమం నుంచి ఇన్సులిన్‌ నిమిషాల్లో వస్తుంది, నేరుగా కాలేయానికి వెళ్లే పోర్టల్‌ సిరలో పడుతుంది. కాలేయం దాదాపు సగం ఇన్సులిన్‌ను అక్కడే వాడేసుకుంటుంది. మిగిలి రక్తంలోకి వెళ్లినది నాలుగైదు నిమిషాలకు సగమైపోతుంది. త్వరగా రావడం ఎంత ముఖ్యమో, త్వరగా పోవడం అంత ముఖ్యం. పేగుల చుట్టూ ఉండే పెరిటోనియం సంచిలో ఇన్సులిన్‌ వేస్తే అందులో చాలా భాగం పోర్టల్‌ సిర దారే పడుతుంది. అరగంట లోపే బలం అందుకుంటుంది, చర్మం కింద వేసినదానికన్నా ముందే తగ్గిపోతుంది. ఒంట్లో అమర్చాలన్న పట్టుదల అంతా ఈ నిమిషాల కోసమే. బయట ఏమీ కనబడకపోవడం అదనపు లాభం మాత్రమే.

లెక్కలు పూర్తిగా పోతాయని మాట ఇవ్వలేం గానీ బాగా తగ్గుతాయి. బయట ధరించేవాటిలోనే ఐలెట్‌ అనే పరికరానికి (2023లో అనుమతి వచ్చింది) గ్రాములు చెప్పక్కర్లేదు, ఈ పూట తిండి మామూలా, తక్కువా, ఎక్కువా అని చెబితే చాలు.

ప్రశ్న: బయోమెడికల్‌ ఇంజనీరింగ్‌ చదువుతున్నాను. గుండెకు పేస్‌మేకర్లు పెట్టడం మామూలైపోయింది. పొట్టలో ఇన్సులిన్‌ పంపు ఎందుకు కాలేదు? అసలు కష్టం ఎక్కడ?

పేస్‌మేకర్‌ పంపేది కరెంటు. ఇది పంపాల్సింది ప్రొటీను. మోటారు, బ్యాటరీ, రేడియో సర్క్యూటు ఇప్పుడు పెద్ద సమస్యలు కావు. ఆ ప్రొటీనును నెలల తరబడి ఒంటి వేడిలో పాడవకుండా ఉంచడమే కష్టం.

ఇలాంటి పంపులను 1980లలోనే మనుషులకు అమర్చారు. ముఖ్యంగా ఫ్రాన్స్‌లో వందల మంది ఏళ్ల తరబడి వాడారు. తర్వాత వాటి తయారీ ఆగిపోయింది. పరికరం ఒక టైటానియం బిళ్ల, సుమారు 8 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం. పొట్ట మీద చర్మం కింద జేబులా కోసి అందులో పెట్టి కుడతారు. లోపల 15 మిల్లీలీటర్ల ఇన్సులిన్‌ తొట్టి, చిన్న పిస్టన్‌, బ్యాటరీ. చర్మం వైపు సూది దిగడానికి రబ్బరు ద్వారం. బిళ్ల నుంచి కాథెటర్‌ అనే సన్నటి గొట్టం పొట్ట గోడను దాటి పెరిటోనియంలోకి వెళ్తుంది, దాని కొస అక్కడ స్వేచ్ఛగా తేలాలి.

తొట్టిలో పీడనం ఎప్పుడూ బయటికన్నా తక్కువ ఉంచుతారు. ఇది చాలా తెలివైన ఏర్పాటు. సూది సరిగ్గా తొట్టిలో దిగితే సిరంజీలో ఇన్సులిన్‌ను తొట్టే లాక్కుంటుంది. లాక్కోలేదంటే సూది పక్కకు పోయిందని అర్థం. బలంగా నొక్కితే కొన్ని వేల యూనిట్లు చర్మం కింద పడి ప్రాణం మీదికి వస్తుంది.

పరిమాణాలు చూడండి. మామూలు ఇన్సులిన్‌ మిల్లీలీటరుకు 100 యూనిట్లు, ఈ పంపులకు 400 యూనిట్ల గాఢతతో ప్రత్యేకంగా చేశారు. 15 మిల్లీలీటర్లంటే 6,000 యూనిట్లు. రోజుకు 40 యూనిట్లు వాడేవాళ్లకు 150 రోజులు సరిపోవాలి. కానీ తొట్టి ఖాళీ కాకముందే, రెండు మూడు నెలల లోపే, పాతది తీసేసి కొత్తది నింపాల్సి వచ్చేది. కారణం 37 డిగ్రీల వేడి, నడిచినప్పుడల్లా కుదుపు, తొట్టిలో మిగిలిన గాలి బుడగ, నీరు అంటని ప్లాస్టిక్‌ ఉపరితలాలు. ఈ నాలుగూ కలిస్తే ఇన్సులిన్‌ అణువు తన మడతలు విప్పుకుంటుంది. విప్పుకున్నవి ఒకదానికొకటి అతుక్కుని సన్నటి పోగులవుతాయి. ఒక పోగు పుట్టిందంటే మిగతావి దాని చుట్టూ చేరతాయి. ఆ జిగురు కవాటాల్లోనూ కాథెటర్లోనూ పేరుకుంటుంది. దీన్ని ఆపడానికి జింకుతో ఆరు ఆరు అణువుల గుంపులుగా కట్టి ఉంచుతారు, సబ్బులాంటి గుణమున్న పాలీమర్‌ కొద్దిగా కలుపుతారు. నింపే ముందు మందును ఫ్రిజ్‌లోంచి తీసి చల్లదనం పోగొట్టి, అందులో కరిగిన గాలిని లాగేస్తారు. చల్లగానే పోస్తే లోపల వేడెక్కి బుడగలు కడుతుంది.

పంపు మొరాయిస్తోందని ఎలా తెలుస్తుంది? అది అలారం కొట్టదు, ఇచ్చానని రాసుకుంటుంది. పట్టించేది తొట్టిలో మిగిలిన మందు. 45 రోజులు, రోజుకు 40 యూనిట్లు: 1,800 యూనిట్లు, అంటే 4.5 మిల్లీలీటర్లు పోయి ఉండాలి. 15లో 10.5 మిగలాలి. సిరంజీలోకి 11.7 వచ్చిందనుకోండి, నిజంగా వెళ్లినది 3.3 మాత్రమే. నాలుగో వంతుకు పైగా ఒంటికి అందలేదు. అందుకే నింపిన ప్రతిసారీ ఈ తీసివేత చేయాలి. తేడా 15-20 శాతం దాటితే పలుచటి సోడియం హైడ్రాక్సైడ్‌తో లోపల కడుగుతారు, పోగులు కరిగిపోతాయి. కడిగినా మారకపోతే కాథెటర్‌ను అనుమానించాలి. కొస చుట్టూ కణజాలం ముసుగు వేసి ఉంటుంది, లాప్రోస్కోపీతో తొలగించాలి. జేబులో చీము పడితే మాత్రం పరికరం తీసేయడమే, యాంటీబయాటిక్స్‌తో గట్టెక్కడం అరుదు. కొందరిలో ఇన్సులిన్‌ మీదే యాంటీబాడీలు పెరుగుతాయి. అవి ఇన్సులిన్‌ను పట్టి ఉంచి వేళ కాని వేళ వదులుతాయి.

మందు నింపడానికి ప్రతిసారీ చర్మంలో సూది దించాల్సిన అవసరం లేకుండా ఇటలీలో పీసాలోని సాంట్‌ఆన్నా ఉన్నత విద్యాసంస్థ వాళ్లు ఒక దారి చూపించారు. మింగిన ఇన్సులిన్‌ గొట్టం (క్యాప్సూల్‌) పేగులో ప్రయాణిస్తూ, పేగు గోడకు అవతల అమర్చిన పరికరం దగ్గరికి రాగానే అయస్కాంతం దాన్ని పట్టి ఆపుతుంది. సన్నటి సూది పేగు గోడనూ గొట్టాన్నీ పొడిచి మందు లాక్కుంటుంది, ఖాళీ గొట్టం మలంతో పోతుంది. 2021లో పందుల మీద చేసి చూపించారు. పేగు గోడకు పదే పదే రంధ్రం పడితే సూక్ష్మజీవులు వెంట రాకుండా చూడడం దీనిలో తేలాల్సిన అసలు విషయం.

మీరు ప్రాజెక్టు చేస్తే ఒక్క మాట వినండి. పంపును నీళ్లతో పరీక్షించకండి. అసలు ఇన్సులిన్‌ పోసి, 37 డిగ్రీల్లో, ఊపే బల్ల మీద 90 రోజులు నడపండి. వారానికోసారి బయటికి వచ్చిన ద్రవాన్ని బరువు తూచండి, పోగులున్నాయేమో థయోఫ్లావిన్‌-టి రంగుతో చూడండి. నీళ్లతో ఏడాది నడిచిన పంపు ఇన్సులిన్‌తో నెలలో మూసుకుపోవచ్చు.

ప్రశ్న: పంపు లోపల పెట్టినప్పుడు సెన్సర్‌ను కూడా లోపలే పెట్టవచ్చు కదా?

పెట్టారు. 2000 తర్వాత తొలి ఏళ్లలో ఫ్రాన్స్‌లోని మాంపెలియేలో గుండెకు వెళ్లే పెద్ద సిరలో సెన్సర్‌ ఉంచి, చర్మం కిందుగా తీగ లాగి పొట్టలోని పంపుకు కలిపారు. పూర్తిగా ఒంట్లోనే ఉండే కృత్రిమ క్లోమానికి అదే తొలి రూపం. సెన్సర్‌ నెలల తరబడి నడిచింది, కానీ పంపుకున్నన్ని ఏళ్లు నడవలేదు. చిక్కు అంతా అక్కడే.

సెన్సర్లు ఎక్కువ భాగం గ్లూకోజ్‌ ఆక్సిడేజ్‌ అనే ఎంజైముతో పనిచేస్తాయి. దానికి గ్లూకోజ్‌తోపాటు ఆక్సిజన్‌ కూడా కావాలి. కణజాలంలో గ్లూకోజ్‌ పుష్కలం, ఆక్సిజన్‌ కరువు. అందుకని గ్లూకోజ్‌ను అడ్డుకుని కొద్దికొద్దిగా వదిలే పొర ఒకటి పైన వేస్తారు. ఆ చర్యలో పుట్టే హైడ్రోజన్‌ పెరాక్సైడ్‌ క్రమంగా ఎంజైమునే తినేస్తుంది. బయటి నుంచి ఒళ్లు చేసే పని వేరే ఉంది. అమర్చిన నిమిషాల్లో ప్రొటీన్లు అంటుకుంటాయి, రోజుల్లో రోగనిరోధక వ్యవస్థకు చెందిన మాక్రోఫేజ్‌ కణాలు చేరతాయి, కొన్ని వారాల్లో రక్తనాళాలు లేని గట్టి కొల్లాజెన్‌ తొడుగు కట్టేస్తుంది. ముల్లు గుచ్చుకున్నా ఒళ్లు చేసేది ఇదే. తొడుగు అవతల గ్లూకోజ్‌ 200 ఉన్నా లోపలి సెన్సర్‌కు అది ఆలస్యంగా, తక్కువగా కనబడుతుంది.

ఎవర్‌సెన్స్‌ అనే సెన్సర్‌లో ఎంజైము లేదు. గ్లూకోజ్‌ అంటుకుంటే వెలిగే రసాయనం ఉంది, చుట్టూ వాపును అణచే డెక్సామెథసోన్‌ ఉంగరం ఉంది. పై చేతి చర్మం కింద పెడతారు. 2018లో 90 రోజులకు, 2024లో ఏడాదికి అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే దానికి కరెంటు అందించి అంకెలు చదివే ట్రాన్స్‌మిటర్‌ను చర్మం పైన అంటించుకోవాల్సిందే. టెట్రాసైక్లిన్‌ జాతి యాంటీబయాటిక్స్‌ వాడుతుంటే ఇది ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చు, డాక్టర్‌కు ముందే చెప్పాలి.

ప్రశ్న: కరెంటు, కంప్యూటర్‌ ఏవీ లేకుండా జెల్‌తోనే కృత్రిమ క్లోమం చేస్తున్నారని విన్నాం. నిజమేనా?

నిజమే. ఇంగ్లండ్‌లో లెస్టర్‌లోని డీ మాంట్‌ఫోర్ట్‌ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌ జోన్‌ టేలర్‌ ఏళ్లుగా దీని మీద పనిచేశారు. ఇన్సులిన్‌ తొట్టికి తలుపుగా ఒక జెల్‌ పొర ఉంటుంది. చక్కెర గొలుసులూ, చక్కెరను పట్టుకునే అణువులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండడం వల్ల ఆ జెల్‌ బిగుసుకుని ఉంటుంది. ఒంట్లో గ్లూకోజ్‌ పెరిగితే అది వచ్చి ఆ పట్లలో చోటు లాక్కుంటుంది. పట్లు వదులై జెల్‌ మెత్తబడుతుంది, ఇన్సులిన్‌ బయటికి జారుతుంది. గ్లూకోజ్‌ తగ్గితే మళ్లీ బిగుస్తుంది. సెన్సర్‌, లెక్క, పంపు మూడూ ఒక్క పొరలోనే.

మాకు ఈ ఆలోచన మీద చాలా గౌరవం ఉంది. దీన్ని రెండు చోట్ల పరీక్షించాలి. షుగర్‌ 70కి పడిపోయినప్పుడు ఎంత ఇన్సులిన్‌ కారుతోంది? మెత్తబడిన జెల్‌ మళ్లీ బిగుసుకోవడానికి ఎన్ని నిమిషాలు? మెత్తబడడం చూపించడం తేలిక, బిగుసుకోవడమే ప్రాణాలు కాపాడేది. పొర పలుచన చేస్తే స్పందన వేగం పెరుగుతుంది గానీ కారడమూ పెరుగుతుంది.

ప్రశ్న: దాత క్లోమం నుంచి తీసిన కణాలనో మూలకణాలనో ఒక డబ్బాలో పెట్టి అమర్చితే రోగనిరోధక శక్తి తగ్గించే మందులు అక్కర్లేదంటారు. ఆ డబ్బా ఇంకా ఎందుకు రాలేదు?

1980లో లిమ్‌, సన్‌ అనే పరిశోధకులు ఆల్జినేట్‌ అనే జెల్‌ గోళీల్లో ఐలెట్లు (క్లోమంలో బీటా కణాలుండే చిన్న గుంపులు) ఉంచి ఎలుకల్లో షుగర్‌ అదుపు చేశారు. నలభై ఏళ్లు దాటినా మనుషులకు ఎందుకు రాలేదో ఒక చిన్న లెక్కతో చూద్దాం.

మనిషికి ఇన్సులిన్‌ సూదులు మానిపించాలంటే కొన్ని లక్షల ఐలెట్లు కావాలి, అయిదు లక్షలనుకుందాం. ఒక్కొక్కటి 0.15 మిల్లీమీటర్ల గుండు. అన్నీ కలిపితే 0.9 మిల్లీలీటర్లు, పావు చెంచా కూడా లేదు. మరి చిన్న డబ్బాలో కుక్కేయవచ్చు కదా? కుక్కితే ఊపిరాడక చస్తాయి. రక్తనాళం నుంచి ఆక్సిజన్‌ 0.1, 0.2 మిల్లీమీటర్లకు మించి లోపలికి పోదు. బీటా కణం ఆక్సిజన్‌ ఎక్కువగా తినే కణం, చావడానికి ముందే ఇన్సులిన్‌ ఇవ్వడం మానేస్తుంది. అందుకని పలుచటి రేకులా పరచాలి. 0.3 మిల్లీమీటర్ల మందం రేకులో పదో వంతు జాగా కణాలకిస్తే సుమారు 300 చదరపు సెంటీమీటర్లు వస్తుంది, ఏ4 కాగితంలో సగం. అంత రేకును ముడత పడకుండా ఒంట్లో పరచి, చుట్టూ రక్తనాళాలు పెరిగేలా చేసి, కొల్లాజెన్‌ తొడుగు కట్టకుండా ఆపాలి.

డబ్బా గోడగా ఉండే పొరలోని రంధ్రాల కథ ఇంకొకటి. గ్లూకోజ్‌ అణువు బరువు 180 డాల్టన్లు (అణువుల బరువుకు కొలత), ఇన్సులిన్‌ 5,800, యాంటీబాడీ లక్షా యాభై వేలు. ఇన్సులిన్‌ను వదిలి యాంటీబాడీని ఆపే రంధ్రం చేయడం సాధ్యమే. కానీ కణాలను చంపమని సంకేతమిచ్చే సైటోకైన్లు చాలావరకు 15 నుంచి 20 వేల దరిదాపుల్లో ఉంటాయి. రంధ్రం బిగిస్తే ఇన్సులిన్‌ నెమ్మదిస్తుంది, వదులు చేస్తే అవి దూరతాయి. మనం నిమిషాల కోసం మొదలుపెట్టిన పనిలో పొరే మళ్లీ నిమిషాలు తినేస్తుంది. కొందరు లోపలికి ఆక్సిజన్‌ ఎక్కించే గది కట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షువో రాయ్‌ బృందం సిలికాన్‌ పొరను నేరుగా రక్తప్రవాహానికి కలిపే మార్గంలో ఉంది. అక్కడ గడ్డ కట్టకుండా చూడడం మరో సవాలు.

2025లో పెద్ద వార్తలు రెండు వచ్చాయి. మూలకణాల నుంచి చేసిన జిమిస్లెసెల్‌ కణాలను పోర్టల్‌ సిరలో ఎక్కిస్తే, పూర్తి డోసు తీసుకున్న 12 మందిలో 10 మంది ఏడాది నాటికి ఇన్సులిన్‌ సూదులు మానేశారు. అయితే వాళ్లు రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడాలి. దీనిలో డబ్బా లేదు. ఈ కణాలను తయారుచేసిన కంపెనీయే వాటిని డబ్బాలో పెట్టి చేసిన ప్రయత్నాన్ని ఫలితం చాలక ఆపేసింది. రెండోది స్వీడన్‌లో జన్యువులు మార్చిన దాత కణాలను ఒకరి ముంజేతి కండరంలో పెడితే, అణచే మందుల్లేకుండానే అవి బతికి ఇన్సులిన్‌ ఇచ్చాయి. చిన్న డోసు, ఒకే మనిషి. అయినా గోడ కట్టడం కన్నా కణానికే రక్షణ ఇవ్వడం మేలైన దారి అని మాకు అనిపిస్తోంది.

ప్రశ్న: నాది టైప్‌-2. నాకు పనికొస్తుందా?

టైప్‌-2లో ముందున్న సమస్య ఇన్సులిన్‌ లేకపోవడం కాదు, ఒళ్లు దానికి సరిగ్గా స్పందించకపోవడం. ఆపరేషన్‌ చేసి పరికరం అమర్చే ప్రమాదానికి తగిన లాభం ఉండదు. ఇన్సులిన్‌ ఎక్కువగా వాడాల్సి వస్తున్నవాళ్లకు బయట ధరించే లూప్‌ పంపులు ఉపయోగపడతాయి.

ప్రశ్న: పంపు పనిచేయడం మానేస్తే మా చేతిలో ఎంత సమయం ఉంటుంది? ఏం చేయాలి?

తక్కువ సమయం. పంపులో ఉండేది త్వరగా పనిచేసి త్వరగా పోయే ఇన్సులిన్‌ మాత్రమే, ఒంట్లో నిల్వ ఉండదు. సరఫరా ఆగిన మూడు నాలుగు గంటలకే కీటోన్లు (ఇన్సులిన్‌ లేనప్పుడు కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) పెరగడం మొదలవుతుంది. రేపు ఒంట్లో అమర్చే పంపు వచ్చినా ఈ మాట మారదు, ఎందుకంటే వేగమే దాని గుణం.

కారణం తెలియకుండా షుగర్‌ 250 మిల్లీగ్రాములు దాటి, దిద్దుబాటు డోసు వేసిన గంట రెండు గంటలకూ తగ్గకపోతే పంపును నమ్మకండి. వేలి రక్తంతో షుగర్‌, కీటోన్లు రెండూ చూడండి. తర్వాతి డోసు పెన్నుతోనో సిరంజీతోనో వేయండి, పంపుతో కాదు. అప్పుడు గొట్టం, కాన్యులా (చర్మం కింద ఉండే సన్నటి కొస) మార్చండి. తీసిన కాన్యులా వంగిందేమో, కొసన రక్తం ఉందేమో చూడండి. రక్తంలో కీటోన్లు లీటరుకు 0.6 మిల్లీమోల్‌ లోపు ఉంటే మామూలే. 1.5 దాటితే డాక్టర్‌కు ఫోన్‌ చేయాలి. 3 దాటినా, అంకె ఎంతున్నా సరే వాంతులు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా ఆసుపత్రికి బయల్దేరాలి. పెన్ను, సూదులు, కీటోన్‌ స్ట్రిప్పులు పాప బడి సంచిలో ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచి, గడువు తేదీలు నెలకోసారి చూసుకోండి.